వాకిలే పలక

తెలుగు ఇళ్ళలో తరతరాలుగా సాగుతున్న రోజువారీ అలవాట్లలో వాకిట ముగ్గు వేయడమంత చిన్నదిగా కనిపించేది మరొకటి లేదనవచ్చు. ఊడ్చి, కళ్ళాపి జల్లి, నాలుగు గీతలు గీసి లోపలికి వెళ్ళడానికి మామూలు రోజుల్లో పది పదిహేను నిమిషాలకు మించి పట్టదు. గీసిన గీత మధ్యాహ్నానికల్లా కాళ్ళ కింద చెదిరిపోతుంది. మర్నాడు చీపురు తగిలేసరికి ఆనవాలు కూడా మిగలదు. ఇంటి అందానికి చేసే పనిగా, లక్ష్మీదేవికి పలికే స్వాగతంగా దీనిని చూడటం అందరికీ అలవాటే గాని, ఈ కాసేపటి పనిలో ఒక గట్టి లెక్క ఉందనీ, ఆ లెక్కను నాలుగు మాటల్లో మరొకరికి అందించే పద్ధతి ఉందనీ, ఇంటి సంగతిని వీధికి చేరవేసే సంకేతం ఉందనీ గుర్తించేవారు తక్కువ. బడి పలకా బలపమూ ఆడపిల్లల చేతికి అందని కాలంలో కూడా వాకిలి మాత్రం వాళ్ళకు అందుబాటులోనే ఉంది. రాసి, తుడిచి, మళ్ళీ రాసుకునే ఆ పలక మీద వాళ్ళు ఏమి సాధించారో తెలుసుకోవాలంటే ముగ్గును కాస్త దగ్గరగా చూడవలసి ఉంటుంది.

మాట, దాని చుట్టాలు

తెలుగులో ‘ముగ్గు’ అన్న మాట గీసిన బొమ్మకూ, గీయడానికి వాడే పిండికీ రెండింటికీ చెల్లుతుంది. ‘ముగ్గు బాగా కుదిరింది’ అన్నప్పుడు అది బొమ్మ, ‘ముగ్గు నిండుకుంది’ అన్నప్పుడు అది డబ్బాలోని పొడి. సంస్కృతం కలిసిన రచనల్లో ఇదే రంగవల్లి అవుతుంది. తమిళుల కోలం, మహారాష్ట్రలోనూ కర్ణాటకలోనూ కనిపించే రంగోలి, బెంగాలీల ఆల్పన, మిథిల ప్రాంతపు అరిపన్, ఒడిశా ఇళ్ళ ఝోటి, రాజస్థాన్ పల్లెల మాండణా, ఇవన్నీ ఒకే కుదురుకు చెందిన కళలే అయినా, కొన్ని చోట్ల పొడి పిండితోనూ కొన్ని చోట్ల నానబెట్టి రుబ్బిన బియ్యపు పిండి నీళ్ళతోనూ వేస్తారు. కొన్ని చోట్ల నేలకే పరిమితం కాగా మరికొన్ని చోట్ల గోడలకూ ఎక్కుతాయి. వాత్స్యాయనుడి కామసూత్రాలలో ఉన్న అరవై నాలుగు కళల పట్టికలో బియ్యంతోనూ పూలతోనూ ఆకృతులు తీర్చడం ఒక కళగా చోటు చేసుకున్నదంటే, ఈ అలవాటుకు మూలమైన ఊహ ఎంత పాతదో అర్థమవుతుంది.

ముగ్గు తెలుగు పలుకుబడిలోకి ఎంతగా చొచ్చుకుపోయిందో చెప్పడానికి మూడు మాటలు చాలు. తల పూర్తిగా నెరిసిన మనిషిని గురించి తల ముగ్గుబుట్ట అయిందంటారు. మాయమాటలతో ఒకరిని తమ దారికి తెచ్చుకోవడాన్ని ముగ్గులోకి దించడమంటారు. ఇల్లు కట్టే ముందు మేస్త్రీ దారం లాగి, పునాది తవ్వవలసిన హద్దుల వెంట సున్నమో ముగ్గుపిండో పోసి గీతలు గుర్తించడాన్ని ముగ్గు పోయడమంటారు. ఈ మూడో మాట ఇక్కడి చర్చకు ముఖ్యం, ఎందుకంటే కట్టబోయే దాని కొలతను ముందుగా నేల మీద నిర్ణయించుకోవడమన్న అర్థం అందులో ఉంది. వాకిట ముగ్గు వేసే చేయి చేసేది కూడా సరిగ్గా అదే పని.

నేల, పిండి, వేళ్ళు

ముగ్గుకు ముందు మూడు పనులు జరగాలి. మొదటిది ఊడ్చడం, రెండోది కళ్ళాపి జల్లడం, మూడోది నేల కాస్త ఆరి, తడి మాత్రం మిగిలి ఉండే అదను చూసుకోవడం. ఆవుపేడ కలిపిన నీళ్ళను చేత్తో విసిరి జల్లడాన్నే కళ్ళాపి అంటారు. మట్టి నేల మీద ఇది దుమ్మును అణచి, ఆరాక పలుచని పొరలా అతుక్కుని, తెల్లని గీత ఎగిసి కనిపించడానికి తగిన ముదురు రంగును ఇస్తుంది. నేల మరీ తడిగా ఉంటే పిండి ముద్దకట్టి గీత లావెక్కుతుంది, మరీ పొడిగా ఉంటే మొదటి గాలికే లేచిపోతుంది. కాబట్టి అదను తెలియడం ముగ్గు విద్యలో మొదటి పాఠం. సిమెంటు వాకిళ్ళు వచ్చాక పేడనీళ్ళ స్థానంలో మామూలు నీళ్ళు వచ్చాయి గాని, అదను మాత్రం మారలేదు.

పిండిలో రెండు రకాలున్నాయి. ఒకటి బియ్యప్పిండి, రెండోది తెల్లని మెత్తరాయిని దంచి జల్లించిన రాతిపొడి. రెండో దానినే బజారులో ముగ్గుపిండిగా అమ్ముతారు. ముగ్గు వేయడం వల్ల చీమలకూ పిచ్చుకలకూ తిండి పెట్టినట్టవుతుందని పెద్దలు చెప్పే మాట బియ్యప్పిండి విషయంలో అక్షరాలా నిజమే అయినా, రాతిపొడికి అది వర్తించదు. రోజువారీ ముగ్గులకు చవకైన రాతిపొడి, పూజగదిలోనూ పీటల కిందా వేసే ముగ్గులకు బియ్యప్పిండి అన్న పంపకం చాలా ఇళ్ళలో ఉంది. రాతిపొడి మరీ మెత్తగా ఉంటే వేళ్ళ మధ్య అంటుకుని ధార తెగిపోతుంది కనుక, కొందరు అందులో సన్నని ఇసుక కాస్త కలుపుకుంటారు.

ఇక వేళ్ళ పని. గుప్పెట్లోకి తీసుకున్న పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారవిడుస్తూ, చేతిని నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తులో ఆపకుండా నడిపించాలి. గీత సన్నమా లావా అన్నది వేళ్ళ నొక్కుడు మీదా, చేయి నడిచే వేగం మీదా ఆధారపడి ఉంటుంది. వేగం తగ్గిన చోట పిండి కుప్పపడుతుంది, పెరిగిన చోట గీత చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. నడుము వంచి, కాళ్ళు ఎడంగా పెట్టి, వెనక్కి వెనక్కి జరుగుతూ వేయడం పాత పద్ధతి. ముందుకు జరిగితే వేసిన గీతనే తొక్కవలసి వస్తుంది గనుక, వేసేవారికి ముగ్గు మొత్తం ఆకృతీ, అది ఆక్రమించబోయే చోటూ మొదటి గీతకు ముందే తెలిసి ఉండాలి. చెరిపి దిద్దుకునే వీలు కాగితం మీద ఉన్నంతగా ఇక్కడ లేకపోవడం వల్లనే, పెద్ద ముగ్గులకు గీత కన్నా ముందు చుక్క వచ్చింది.

చుక్కల లెక్క

తెలుగు ముగ్గులను స్థూలంగా మూడు తెగలుగా విడదీయవచ్చు. చుక్కలను ఒకదానితో ఒకటి గీతలతో కలిపి పూలు, చిలకలు, దీపాలు తీర్చేవి మొదటి తెగ. చుక్కను తాకకుండా దాని చుట్టూ వంపులు తిరుగుతూ సాగే మెలికల ముగ్గులు, తిప్పుడు ముగ్గులు రెండో తెగ. చుక్కలతో నిమిత్తం లేకుండా నేరుగా గీతలతోనే కట్టే పద్మాలు, రథాలు, ఆపైన రంగులు నింపే బొమ్మలు మూడో తెగ. ఈ మూడింటిలో మొదటి రెండింటికీ ప్రాణం చుక్కల అమరికే.

ఆ అమరిక చెప్పడానికి ఆడవాళ్ళ మధ్య పుట్టి, పత్రికల ముగ్గుల పేజీలకు ఎక్కిన ఒక పొట్టి భాష ఉంది. ‘15 చుక్కలు, సందుచుక్క, 8 వరకు’ అన్న ఒక్క ముక్క దానికి మంచి ఉదాహరణ. దీని అర్థం ఏమిటంటే, ముందుగా నడిమి వరుసలో 15 చుక్కలు పెట్టాలి. ఆ తర్వాతి వరుసలోని చుక్కలు పై వరుసలోని రెండేసి చుక్కల సందులో పడాలి, కాబట్టి అవి 14 అవుతాయి. అలా ఒక్కొక్కటి తగ్గిస్తూ పైకీ కిందికీ 8 చుక్కల వరుస వచ్చేదాకా సాగాలి. కొన్ని ప్రాంతాలలో సందుచుక్కను మధ్యచుక్క అంటారు. చుక్క కింద చుక్క నిటారుగా పడేలా పెడితే అది సరిచుక్క, లేదా ఎదురుచుక్క.

ముగ్గుల పేజీలు తిరగేసినవారికి 7–4, 9–5, 11–6, 13–7, 15–8, 21–11 అనే జంటలు బాగా పరిచయం. సందుచుక్కలకు ఈ జంటలే పదేపదే ఎందుకు కనిపిస్తాయన్న ప్రశ్నకు చిన్న లెక్క సమాధానం చెబుతుంది. మొదటి సంఖ్యకు ఒకటి కలిపి సగం చేస్తే రెండో సంఖ్య వస్తుంది. 15కు ఒకటి కలిపితే 16, అందులో సగం 8. అక్కడ ఆపితే చుక్కల గుంపు ఆరు భుజాలూ సమానమైన షడ్భుజి అవుతుంది, ప్రతి భుజం మీదా 8 చుక్కలు ఉంటాయి. ఆపకుండా ఒక చుక్క మిగిలేదాకా వెళితే అదే గుంపు నాలుగు భుజాల వజ్రపుబిళ్ళ ఆకారంలోకి మారిపోతుంది. ఆరు రేకుల పువ్వు, ఆరు మూలల నక్షత్రం, ఆరు దీపాల చుట్టు కుదరాలంటే షడ్భుజి కావాలి. అందుకే సగం దగ్గర ఆపడం. సమీకరణం రాయడం నేర్వని చేతులు ఈ సంగతిని అనుభవంతో పట్టుకుని జంటల రూపంలో దాచిపెట్టాయి.

చుక్కల మొత్తాన్ని లెక్కించడం కూడా సరదాగా ఉంటుంది. 7–4 ముగ్గులో 37 చుక్కలు, 11–6లో 91, 15–8లో 169 పడతాయి. ఒకటి దాకా దిగే సందుచుక్కలైతే లెక్క ఇంకా తేలిక: నడిమి వరుసలో ఎన్ని ఉంటే ఆ సంఖ్యను అదే సంఖ్యతో హెచ్చించాలి, 9 నుంచి ఒకటి వరకు పెడితే 81, 15 నుంచి ఒకటి వరకు పెడితే 225. అదే 9 చుక్కలను సరిచుక్కలుగా, రెండేసి తగ్గిస్తూ 1 దాకా పెడితే మొత్తం 41 మాత్రమే. రెండేసి చుక్కల మధ్య బెత్తెడు, అంటే నాలుగు వేళ్ళ వెడల్పు ఎడం ఉంచినా 15 చుక్కల నడిమి వరుస దాదాపు మూడున్నర అడుగులు ఆక్రమిస్తుంది. వాకిలి ఇరుకైతే ఎడం తగ్గించుకోవాలి లేదా 11–6కు దిగాలి. ఈ నిర్ణయమంతా మొదటి చుక్క పడకముందే జరిగిపోతుంది.

తప్పు ఎక్కడ జరిగినా అది వెంటనే బయటపడకపోవడం చుక్కల ముగ్గులోని మరో విశేషం. అయిదో వరుసలో ఒక చుక్క ఎక్కువైతే, ఎడమ పక్క నుంచి అల్లుకుంటూ వచ్చిన పూలన్నీ చక్కగా కుదిరి, కుడి అంచు దగ్గర చివరి రేకు మాత్రం మూసుకోదు. అప్పుడు వేసేవారు గీతను తిట్టుకోకుండా వరుసలు మళ్ళీ లెక్కపెడతారు. నేర్చుకునే పిల్లకు పెద్దవాళ్ళు ముందుగా గీతలు నేర్పకుండా చుక్కలు పెట్టడమే పనిగా అప్పగించడంలోని తెలివి ఇదే.

చేయి ఎత్తకుండా

మెలికల ముగ్గుల్లో పేరు మోసినవి చేయి ఎత్తకుండా వేసేవి, అంటే మొదలుపెట్టిన చోటికే తిరిగి వచ్చి ముగిసే ఒకే గీతతో అన్ని చుక్కలనూ చుట్టేవి. వీటిని పరిశీలించిన గణితజ్ఞులకు ఇందులో రెండు వేరు వేరు ప్రశ్నలు కనిపించాయి. మొదటిదానికి 1736లోనే స్విస్ గణితజ్ఞుడు లియొనార్డ్ ఆయిలర్ పునాది వేశాడు. కోనిగ్స్‌బర్గ్ నగరంలోని ఏడు వంతెనలను ఒక్కొక్కసారి మాత్రమే దాటుతూ షికారు పూర్తిచేయడం సాధ్యమా అన్న ప్రశ్నను ఆలోచిస్తూ, బయలుదేరిన చోటికే తిరిగి రావాలంటే ప్రతి కూడలిలోనూ కలిసే దారుల సంఖ్య సరిసంఖ్య కావాలని ఆయన చూపాడు. మెలికల ముగ్గులో గీతలు దాటుకునే ప్రతి చోటా నాలుగు కొసలు కలుస్తాయి. నాలుగు సరిసంఖ్య కాబట్టి, ముక్కలు ముక్కలుగా విడిపోని ఏ మెలికల ముగ్గునైనా చేయి ఎత్తకుండా గీయడం సాధ్యమే.

అయితే ముగ్గు వేసేవారికి ఇంకొక కట్టుబాటు ఉంది: గీత మరో గీతను దాటే చోట పక్కకు మళ్ళకుండా సూటిగా సాగిపోవాలి. ఈ షరతు చేరేసరికి లెక్క మారిపోతుంది. రెండు వరుసల్లో రెండేసి సరిచుక్కలు పెట్టి చుట్టూ మెలిక తిప్పితే ఒకే గీత రాదు. కోడిగుడ్డు ఆకారంలో రెండు చుట్లు వస్తాయి, ఒక్కో చుట్టులో ఎదురెదురు మూలల చుక్కలు రెండేసి ఇరుక్కుని, రెండు చుట్లూ నాలుగు చోట్ల ఒకదానినొకటి దాటుకుంటాయి. రెండు వరుసల్లో మూడేసి చుక్కలు పెడితే మాత్రం ఒకే గీత మొత్తం ఆరు చుక్కలనూ చుట్టి వస్తుంది. ఇందులోని సూత్రం బడిలో చదివే గరిష్ఠ సామాన్య భాజకం, అంటే రెండు సంఖ్యలనూ నిశ్శేషంగా భాగించే సంఖ్యల్లో అతి పెద్దది. వరుసల సంఖ్యకూ, వరుసలోని చుక్కల సంఖ్యకూ గ.సా.భా. ఎంతో, గీతలు అన్ని పడతాయి. 4 వరుసల్లో అయిదేసి చుక్కలకు ఒకటే గీత, 4 వరుసల్లో ఆరేసి చుక్కలకు రెండు, 5 వరుసల్లో అయిదేసి చుక్కలకు ఏకంగా అయిదు.

గ.సా.భా. ఒకటి కాని చోట ఒకే గీత కావాలనుకునేవారికి చేతి అనుభవం ఒక ఉపాయం నేర్పింది. రెండు వేరు చుట్లు దాటుకునే ఒక చోట దాటకుండా రెండింటినీ వెనక్కి మళ్ళిస్తే, అక్కడ అవి కలిసిపోయి ఒకే చుట్టు అవుతుంది. తిప్పుడు ముగ్గుల్లో అక్కడక్కడ అల్లిక ఆగిపోయి, గీత వెన్ను చూపి వంగినట్టు కనిపించే వంపులు ఇలాంటివే. ఇంతే తరహా అల్లికను అంగోలా దేశపు చోక్వే జాతి పురుషులు ఇసుకలో ముందు చుక్కలు పెట్టి, తర్వాత వేలితో గీత తిప్పుతూ, కథ చెబుతూ గీస్తారు. ఆ ‘సోనా’ బొమ్మలను మొజాంబిక్‌లో పనిచేసిన గణితజ్ఞుడు పౌలుస్ గెర్డెస్ విస్తారంగా అధ్యయనం చేసి, తమిళుల గడప ముగ్గులతో పోల్చి చూశాడు. సముద్రాలకు అవతల ఉన్న రెండు జనాలు ఒకే లెక్క దగ్గరికి చేరుకోవడం, చుక్కా గీతా కలిసిన చోట లెక్క తప్పదని చెప్పకనే చెబుతుంది.

కంప్యూటర్ శాస్త్రం కూడా ఈ వాకిలి దాకా వచ్చింది. మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1970లలో కోలాలను ఆధారం చేసుకుని బొమ్మల వ్యాకరణాలపై పరిశోధన పత్రాలు వెలువరించారు. వాక్యానికి వ్యాకరణం ఉన్నట్టే బొమ్మకూ ఉండవచ్చనీ, కొద్దిపాటి నియమాలను మళ్ళీ మళ్ళీ వర్తింపజేస్తే చిన్న ముగ్గు నుంచి ఎంత పెద్ద ముగ్గునైనా పుట్టించవచ్చనీ చెప్పడం దాని సారాంశం. ‘ఒక పక్క వేయడం వస్తే మిగతా మూడు పక్కలూ అదే’ అని ఇళ్ళలో పిల్లలకు చెప్పే మాటకు అది శాస్త్ర రూపం.

ముగ్గు చెప్పే కబురు

ముగ్గు వీధికి కబురు కూడా చెబుతుంది. ఉదయం వాకిట ముగ్గు కనిపిస్తే ఆ ఇంట్లో రోజు సవ్యంగా మొదలైందని అర్థం. మైల రోజుల్లో ముగ్గు వేయరు. పెద్దల ఆబ్దికం పెట్టే రోజున ఆ కార్యం ముగిసేదాకా వేయకపోవడం చాలా ఇళ్ళలో ఆచారం. అందువల్ల ఎన్నడూ ఖాళీగా ఉండని వాకిలి ఒక పొద్దున బోసిగా కనిపిస్తే, ఇరుగుపొరుగు తలుపు తట్టడానికి ముందే గొంతు తగ్గిస్తారు. ఉన్న గీత కన్నా లేని గీత ఎక్కువ చెప్పే సందర్భమిది.

పంచాంగంతో ముగ్గుకు ఉన్న సంబంధం ఇంకా విస్తృతం. డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాకా సాగే ధనుర్మాసం మొదలవడాన్ని కోస్తా జిల్లాల్లో సంక్రాంతి నెల పట్టడమని, నెలగంట పెట్టడమని అంటారు. ఆ నెల రోజులూ వాకిళ్ళు పెద్ద ముగ్గులతో నిండుతాయి, ముగ్గు నడుమ ఆవుపేడతో చేసి గుమ్మడి పువ్వు గుచ్చిన గొబ్బెమ్మలు కూర్చుంటాయి. ఆ గొబ్బెమ్మలనే ఎండబెట్టి పిడకలు చేసి, రథసప్తమి నాడు పరమాన్నం వండటానికి దాచుకునే ఇళ్ళున్నాయి. కనుమ నాడో ముక్కనుమ నాడో వేసే రథం ముగ్గుకు ఒక తాడు గీస్తారు. అది వాకిలి దాటి వీధిలోకి వెళ్ళి పక్కింటి రథం తాడుతో కలుస్తుంది, అది ఆ పైయింటి తాడుతో కలుస్తుంది. నెల పొడుగునా ఎవరి వాకిలి వారిదిగా సాగిన ముగ్గు, పండుగ వెళ్ళిపోయే రోజున వీధి మొత్తానికీ ఒకే గీత అవుతుంది. నాగులచవితికి పాము మెలికల ముగ్గు, కృష్ణాష్టమికి గుమ్మం నుంచి పూజగది దాకా చిన్ని పాదాలు, శ్రావణ శుక్రవారాలకు ఎనిమిది రేకుల అష్టదళ పద్మం, ఇలా ఏ ముగ్గు ఏ రోజుదో తెలిసినవారికి వాకిలి చూస్తే తిథి అడగనక్కరలేదు.

ముగ్గు స్త్రీలకే పరిమితమన్న అభిప్రాయాన్ని సవరించే ఉదాహరణ తెలంగాణలో ఉంది. మల్లన్న కొలుపుల్లో ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, బియ్యప్పిండి వంటి రంగు పొడులతో నేల మీద తీర్చే పెద్ద ముగ్గును పట్నం అంటారు. సిద్దిపేట జిల్లా కొమురవెల్లిలో మహాశివరాత్రి రాత్రి వేసే పెద్దపట్నం అందులో పేరెన్నికగన్నది. అంత ఓపికగా తీర్చిన పట్నం మీదుగా భక్తులు నడిచి దాన్ని చెరిపేయడంతోనే ఆ కొలుపు నిండుతుంది. వాకిలి ముగ్గుకూ పట్నానికీ వేసే చేతులు వేరైనా, చెరగడం కోసమే వేయడమన్న నియమం రెండింటికీ ఒకటే.

సరదా, చాకిరీ, తీర్పులు

ముగ్గును పొగిడే రాతలు సాధారణంగా ఒక సంగతిని దాటేస్తాయి. తెల్లవారుజామున చలిలో లేచి, పేడ కలిపి, నడుము వంచి చేసే ఈ పని అందరికీ అన్ని రోజులూ సరదా కాదు. కోడలి తీరును వాకిలి ముగ్గుతో కొలిచిన అత్తగార్లూ, ముగ్గు వేయని ఇంటిని బద్ధకపు ఇల్లుగా జమకట్టిన వీధులూ ఉండేవి, ఉన్నాయి. భర్త పోయిన స్త్రీని శుభకార్యాల ముగ్గుకు దూరంగా ఉంచిన ఇళ్ళూ ఉన్నాయి. కళ్ళాపి ఒకరి చేతా, ముగ్గు మరొకరి చేతా వేయించుకునే ఇళ్ళలో బరువైన పని పనిమనిషికీ, పేరు వచ్చే పని ఇంటావిడకూ పంచబడింది. ఈ అలవాటులో నిర్బంధమూ ఇష్టమూ ఎప్పుడూ కలగలిసే ఉన్నాయి. రోజూ చేయక తప్పని పనిలో రోజూ కొత్తది వేయగల చిన్న స్వేచ్ఛను వెతుక్కోవడం వల్లనే అది చాకిరీగా మిగిలిపోకుండా కళ స్థాయికి ఎదిగిందని చెప్పడం సమంజసం.

వీధిలో ముగ్గు మీద సాగే వాదాలు కూడా ఈ అలవాటులో భాగమే. రంగులు నింపితేనే ముగ్గు నిండుగా ఉంటుందని ఒకరంటే, రంగు గీతలోని తప్పును కప్పేస్తుందనీ, తెల్ల ముగ్గులోనే చేతి నేర్పు తెలుస్తుందనీ మరొకరంటారు. సంక్రాంతి పోటీల్లో రంగుల బొమ్మలకూ, నినాదాలు రాసిన సందేశాల ముగ్గులకూ బహుమతులు తేలిగ్గా దక్కడం చూసి, చుక్కల ముగ్గు వేసినవారు నొచ్చుకోవడం కద్దు. గొట్టంలో పిండి పోసి దొర్లిస్తే పడే ముగ్గు, చిల్లుల అచ్చు మీద పిండి రుద్దితే పడే ముగ్గు, గుమ్మం ముందు అతికించే స్టిక్కరు, ఒకసారి వేస్తే ఏళ్ళ తరబడి ఉండే ఎనామిల్ రంగు ముగ్గు వచ్చాక ఈ వాదం కొత్త మలుపు తిరిగింది. ఎనామిల్ ముగ్గు చెరగదు కాబట్టి గడప ఎప్పుడూ కళగా ఉంటుందన్నది ఒక పక్షం. చెరగదు కాబట్టే అది ఇంటి సంగతి చెప్పలేదు, మైల నాడూ పండుగ నాడూ ఒకేలా ఉంటుందన్నది మరో పక్షం. రెండో పక్షం మాటలో బరువెక్కువ.

అపార్ట్‌మెంట్లలో వాకిలి జానెడు గుమ్మంగా కుదించుకుపోయింది; 15–8 పట్టే చోటు లేక చాలామంది నాలుగు గీతల ముగ్గుతో సరిపెట్టుకుంటున్నారు, గేటు ముందరి పెద్ద ముగ్గు బాధ్యత కాపలాదారు ఇంటివారి మీద పడింది. విదేశాల్లోని తెలుగువారు సంక్రాంతి వేళ సంఘాల వేడుకల్లో హాలు నేల మీదో, అట్టల మీదో, ఇంటి కారు షెడ్డులోనో సుద్దముక్కలతో ముగ్గు వేస్తున్నారు. మంచు కురిసే నెలలో బయట కళ్ళాపి జల్లే వీలు లేకపోయినా చుక్కల లెక్కకు మంచు అడ్డం రాదు.

పాత ఇళ్ళ అల్మరాల్లో ఇప్పటికీ దొరికే ముగ్గుల నోటుపుస్తకాలు ఈ విద్య ఎలా నిలిచిందో చూపిస్తాయి. పాల లెక్కలకూ చాకలి పద్దుకూ మధ్య ఉన్న ఆ పేజీల్లో బొమ్మ పూర్తిగా గీసినవి కొన్నే. కాగితం పొదుపుకో, చేతికి వచ్చిన ధీమాకో, చాలా చోట్ల నాలుగో వంతు బొమ్మ గీసి వదిలేసి, మూలన ‘15 సందు 8’ అని మాత్రం రాసి ఉంటుంది. ఆ మూడు ముక్కలు చదవగలిగినవారు వేసినవారి మొహం ఎరగకపోయినా, ఏ ఊరి నేల మీదనైనా 169 చుక్కలు పెట్టి ఆ ముగ్గును మళ్ళీ లేపగలరు.